పాపుగారికి పూజ పెట్టించావా?

"బాబాయ్, మనోడికి ఎన్ని ఓట్లొచ్చుంటాయంటావ్?"

డల్లాస్‌లో ఆఫీసులో కూర్చుని మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. 2025 మే 8, మనకి రాత్రి పదకొండు కావస్తోంది. కొత్త పోపు ఎన్నికయ్యారని వాటికన్‌లో తెల్ల పొగ వచ్చి గంట దాటింది, పద్నాలుగో లియో అన్న పేరు అప్పుడే బయటికొచ్చింది. మనోడంటే హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్), కార్డినల్ పూల ఆంథోనీ గారు. "ఆ చీటీలు లెక్కపెట్టగానే పొయ్యిలో వేసి కాల్చేస్తార్రా, ఎవరికెన్నొచ్చాయో బయటికి చెప్పరు" అన్నాను. "అది తెలుసులే, నీ అంచనా చెప్పు" అన్నాడు. చెప్పాను. ఒక్క నంబర్ చెప్పి ఊరుకోలేదు, మొదటి రౌండ్‌లో ఇన్ని, తర్వాత అవి ఎటు మళ్లి ఉంటాయి అని ఎన్నికల రాత్రి టీవీలో కూర్చునే విశ్లేషకుడిలా పది నిమిషాలు వాయించాను.

ఫోన్ పెట్టేశాక పక్క గదిలోంచి అమ్మ అడిగింది. "ఏరా అబ్బాయ్, చనిపోయిన పాపుగారికి పూజ పెట్టించావా?"

(అమ్మ తరం వాళ్లు పాపుగారనే అంటారు. పోపు అంటే ఆవిడకి తాలింపే. పూజంటే మా కథోలికులకి గుడిలో చేసే మాస్.)

పెట్టించలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఫ్రాన్సిస్ పోపుగారు ఏప్రిల్ 21న, పాస్కా (ఈస్టర్) పండుగ మర్నాడు పోయారు. 26న జరిగిన అంత్యక్రియలు మొత్తం చూశాను. ఆయన్ని వాటికన్‌లో కాకుండా రోములోని సాంత మరియా మజ్జోరె గుడిలో ఎందుకు పెట్టారో, సమాధి మీద ఫ్రాన్సిస్కుస్ అన్న ఒక్క పేరు తప్ప ఇంకేమీ ఎందుకు లేదో మా ఆఫీసులో హిందూ స్నేహితులకి కూడా వివరించాను. 133 మంది కార్డినల్స్ ఓటేస్తారని, గెలవాలంటే 89 కావాలని నోటి లెక్కలా చెప్పేవాణ్ణి. పొగ నల్లగా రావడానికి ఏ రసాయనాలు కలుపుతారో కూడా చదివాను. కానీ ఆయన ఆత్మ కోసం ఒక పూజ పెట్టించాలని పదిహేడు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. చూడటం మాత్రం బాగా చూశాను.

ఈ పోస్టు దాని గురించే. మా వాళ్లు సినిమాల గురించి గొడవ పెట్టుకుంటుంటారు, ఫలానా సినిమా మన విశ్వాసాన్ని కించపరిచింది, ఫలానా షోలో జోకేశారు, బహిష్కరించండి, ఫార్వర్డ్ చేయండి అని. నా భయం ఇప్పుడు సినిమాల మీద లేదు. మన సభ (చర్చి) వార్తల్నే సినిమాలా చూడటం మనం ఎప్పుడు నేర్చుకున్నామా అన్నదే.

పందెం, జట్లు, పొగ గొట్టం

ఆ రెండు రాత్రులూ మన తెలుగు ఛానళ్లలో పాకిస్తాన్ తప్ప ఇంకేమీ లేదు, గుర్తుండే ఉంటుంది. అందుకని నేను వాటికన్ వాళ్ల యూట్యూబ్ లైవ్ పెట్టుకున్నాను. ఏడో తేదీ రాత్రి పన్నెండున్నరకి నల్ల పొగ వచ్చిందాకా మేలుకుని, పొద్దున్నే ఆవలిస్తూ బ్యాంకుకి వెళ్లాను. ఎనిమిదో తేదీ పొగ గొట్టం పక్కన సముద్రపు కొంగ ఒకటి పిల్లతో సహా వచ్చి కూర్చుంటే, దాని మీద మా ఫ్యామిలీ గ్రూపులో నలభై మెసేజీలు పడ్డాయి. బాగానే నవ్వుకున్నాం, అందులో తప్పేం లేదు.

కానీ మిగతాది చూడండి. ఇటలీలో ఫాంటాపాపా అని ఒక ఆట పెట్టారు. మనవాళ్లు ఐపీఎల్‌కి ఫాంటసీ టీములు కట్టుకున్నట్టు, కార్డినల్స్‌తో టీము కట్టుకోవడం. అమెరికా పందేల సైట్లలో మిలియన్ల డాలర్లు తిరిగాయి. ఫ్రాన్సిస్ గారిని సమాధి చేసి వారం తిరిగిందో లేదో, ట్రంప్ తనే పోపు వేషంలో ఉన్న ఏఐ బొమ్మ పోస్ట్ చేశాడు. న్యూయార్క్ పీఠాధిపతులు (బిషప్పులు) ఇందులో తెలివీ లేదు, నవ్వూ లేదు అని అప్పుడే మొహాన చెప్పేశారు, మంచి పని చేశారు.

ఇదంతా ఈ కాలం జబ్బు అని రాద్దామనుకుని కొంచెం వెనక్కి చదివితే నా వాదన అక్కడే కుంటిదైంది. 1591లో పద్నాలుగో గ్రెగొరీ పోపుగారు, కొత్త పోపు ఎవరవుతారని పందెం కాస్తే సభ నుంచి వెలివేస్తానని శాసనం రాశారు. అంటే అప్పటికే రోములో జనం ఆ పని కడుపునిండా చేస్తున్నారన్నమాట. అంతకు ముందు 1268లో విటెర్బోలో కార్డినల్స్ మూడేళ్ల దగ్గర దగ్గర తేల్చకుండా కూర్చుంటే, ఊరివాళ్లు తలుపులు మూసి, తిండి తగ్గించి, చివరికి పైకప్పు ఊడబీకారు. వాళ్లని తాళం వేసి కూర్చోబెట్టే పద్ధతి చట్టమైంది ఆ అనుభవం తర్వాతే. కాబట్టి పూర్వం అందరూ మోకాళ్ల మీద ప్రార్థించేవారు, ఇప్పుడు మనమే చెడిపోయాం అని నేను అనలేను. సంప్రదాయవాదిని కాబట్టి అనాలని నోరు దురదపెడుతుంది, కానీ అది అబద్ధం.

అయినా ఒక తేడా ఉంది. రోములో పందెం కాసినవాడికి మర్నాడు ఆ పోపు కింద బతకాలి, ఆయన పన్నులు కట్టాలి. పైకప్పు పీకినవాడికి కార్డినల్స్ తిండి ఖర్చు తన ఊరి నెత్తిన పడింది. నాకేం పడింది? ఆఫ్రికా కార్డినల్ సారా గారు రావాలని, పోనీ హంగరీ ఎర్డో గారైనా రావాలని నేను జట్టు కట్టాను. వాళ్లెవరూ రాకపోతే ఒక అరగంట మ్యాచ్ ఓడినట్టు డల్‌గా కూర్చుని, ఆ తర్వాత పెరుగన్నం తిని పడుకున్నాను. అంతే నా బాధ్యత.

సినిమా సంగతి

ఆ మార్చిలోనే మేం కాంక్లేవ్ (పోపుని ఎన్నుకునే సమావేశం) సినిమా చూశాం, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చిందని. (చూడనివాళ్లుంటే ఈ రెండు పేరాలు దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.) తీయడం బాగా తీశారు. పోయిన పోపుగారి గది తలుపుకి రిబ్బను కట్టి లక్క ముద్ర వేయడం, ఉంగరం పగలగొట్టడం, అంతమంది ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచి చీటీ పట్టుకెళ్లడం. నాకు ఒళ్లు జలదరించింది. ఎవరో బయటివాళ్లు మన కర్మకాండని ఇంత శ్రద్ధగా చూశారే అనిపించింది. మా దగ్గర కొందరు కుర్ర గురువులు (ఫాదర్లు) పూజలో వస్త్రాలు వేసుకునే తొందర చూశాక, ఆ శ్రద్ధ విలువ ఇంకా తెలిసింది.

నచ్చనిది చివర్లో ఎన్నికైన పోపు శరీరం గురించిన ఆ రహస్యం. అది జనాన్ని ఉలిక్కిపడేలా చేయడానికి పెట్టిన మలుపే తప్ప, దాని గురించి ఆలోచించడానికి సినిమా రెండు నిమిషాలు కూడా ఇవ్వదు. దానికంటే ఎక్కువ నచ్చనిది మొదట్లో వచ్చే ప్రసంగం, నిశ్చయం కన్నా పెద్ద పాపం లేదన్నట్టు సాగేది. థియేటర్‌లో చప్పట్లు పడే డైలాగు అది. సందేహం గొప్ప అలంకారం అన్నట్టు మాట్లాడేవాళ్లకి సందేహంతో నిజంగా రాత్రుళ్లు గడపడం ఎలా ఉంటుందో తెలియదేమో అనిపిస్తుంది నాకు. మా నాన్న పోయిన ఏడాది నేను గడిపాను. అందులో అందమేం లేదు. అప్పుడు నన్ను నిలబెట్టింది ఎవరో నిశ్చయంగా, గట్టిగా, నాకు బదులుగా చదివిన విశ్వాస సంగ్రహం (నమ్ముతున్నానంటూ పూజలో చదివే ప్రార్థన).

సరే, ఇంత కోపంగా ఒక పేజీ రాసిపెట్టుకున్నానా, మే నెలలో కొత్త పోపుగారి అన్నయ్య టీవీవాళ్లతో ఏం చెప్పాడో తెలుసా? కాంక్లేవ్‌కి వెళ్లే ముందు తమ్ముణ్ణి ఆ సినిమా చూశావా అని అడిగాడట, అప్పుడే చూసి ముగించాడట ఆయన. అక్కడ ఎలా మసులుకోవాలో తెలిసిందిలే అని అన్నయ్య జోకు. నేను ఖండన రాస్తున్న సినిమాని సాక్షాత్తూ పోపుగారు పోపు కాబోయే ముందు చూసి హాయిగా వెళ్లారన్నమాట. తర్వాత నవంబర్‌లో సినిమావాళ్లని వాటికన్‌కి పిలిచి మాట్లాడారు, తనకిష్టమైన నాలుగు సినిమాల పేర్లు కూడా ముందే చెప్పారు. నా పేజీ ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది.

విజయచందర్ ముఖం

సినిమా మీద నాకు కోపం నిలవకపోవడానికి అసలు కారణం వేరే. నేను ఈస్టర్‌కి ముందు తపస్కాలంలో సిలువ మార్గం (క్రీస్తు శ్రమల పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చేసే ప్రార్థన) చేస్తూ కళ్లు మూసుకుంటే, పదో స్థలం దగ్గర నాకు కనపడే క్రీస్తు ముఖం విజయచందర్‌ది. ఇది ఎవరితోనూ అనలేదు ఇంతవరకు. కానీ నా వయసు తెలుగు క్రైస్తవులు చాలామందికి ఇదే పరిస్థితి అని పందెం కాయగలను, గ్రెగొరీ పోపుగారు క్షమించాలి.

విజయచందర్ క్రీస్తుగా వేసిన కరుణామయుడు 1978 చివర్లో వచ్చింది. మా ఊళ్లో ఏ సంవత్సరం వేశారో గుర్తులేదు గానీ, గుడి ఆవరణలో రెండు తాటి దుంగలు పాతి తెర కట్టారు. తెరకి అవతల వైపు కూడా జనం కూర్చున్నారు, వాళ్లకి అన్నీ ఎడమచేతి వాటంగా కనపడ్డాయి. మా నాన్న ఉపదేశి, అంటే గుడిలో ప్రార్థనలూ బోధనలూ నేర్పేవాడు. సినిమాకి వెళ్తే మర్నాడు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకోమనే మనిషి, ఆ రోజు ఆయనే ముందు నిలబడి పిల్లల్ని కూర్చోబెట్టాడు. కొరడా దెబ్బల దగ్గర ఆడవాళ్లు ఏడుస్తుంటే మా నాయనమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని చేతులు జోడించింది. తెర మీద ఉన్నది గుడ్డ మీద పడ్డ వెలుతురని ఆవిడకి తెలియక కాదు. ఆ ఊళ్లో ఆ రోజు వరకు ఆవిడ చూసిన సినిమాలు రెండో మూడో.

ఆ సినిమాకి కథ మొదటినుంచీ తెలుసు, ముగింపు తెలుసు, ఎవరు గెలుస్తారన్న టెన్షన్ లేదు. అయినా ఏడ్చారు. బహుశా తెలుసు కాబట్టే ఏడ్చారు. నాకు ఇక్కడ ఏదో దొరికినట్టు అనిపిస్తుంది. ఆ రాత్రి వినోదం ప్రార్థనలా మారింది, అదే మనుషుల మనవడు నలభై ఏళ్ల తర్వాత ప్రార్థన చేయాల్సిన చోట వినోదం చూస్తూ కూర్చున్నాడు. తేడా తెరలో లేదు. మా నాయనమ్మ ఆ తెర ముందు తన పని ఏమిటో తెలిసి కూర్చుంది. నేను నా పని అభిప్రాయం చెప్పడం అనుకుని కూర్చున్నాను.

చూడకపోతే బయటపడేదా?

దీనికి గట్టి జవాబు ఒకటుంది, దాన్ని తప్పించుకుని వెళ్తే నేను మోసం చేసినట్టే. సభ వార్తల్ని జనం ఆత్రంగా చూడకపోతే పెద్దవాళ్లు చేసిన పాపాలు ఎప్పటికి బయటికొచ్చేవి? 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక, పిల్లల మీద అఘాయిత్యం చేసిన గురువుల్ని ఒక విచారణ (పారిష్) నుంచి ఇంకో విచారణకి మార్చుకుంటూ ఎలా దాచారో రాసింది. ఆ డిసెంబర్‌లో అక్కడి కార్డినల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. దాని మీద తీసిన స్పాట్‌లైట్ సినిమాకి 2016లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. వాటికన్ సొంత పత్రికే అది కథోలిక వ్యతిరేక సినిమా కాదని రాసింది. మనవాళ్లలో చాలామంది ఈ విషయం వింటే నమ్మరు. పీఠాధిపతులు చేయని పని ఒక పత్రిక చేసింది, దాన్ని ప్రపంచానికి చెప్పింది ఒక సినిమా. వార్తలు ఆపి జపమాల పట్టుకోండి అని నేనంటే, అది దాచేవాళ్లకి చేసే సేవే అవుతుంది.

ఒప్పుకుంటున్నాను. అయితే ఇంకోవైపు నేను కళ్లారా చూసింది చెబుతాను. కొన్నేళ్ల క్రితం నాకు తెలిసిన ఒక విచారణలో కమ్యూనిటీ హాలు లెక్కల మీద గొడవ వచ్చింది. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. గొడవ న్యాయమైనదే, లెక్కలు చూపించాల్సిందే. ఒక ఆదివారం ఒకాయన మైకు, సెల్‌ఫోన్ స్టాండు పట్టుకుని వచ్చాడు, యూట్యూబ్ ఛానల్ అట. అంతవరకు ఎవరి దగ్గర ఏ రసీదు ఉందని వాదించుకుంటున్న మనుషులు, కెమెరా ఎక్కగానే రెండు జట్లయిపోయారు. వచ్చే వారం కొందరు ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చారు. వీడియోకి పెట్టిన శీర్షికలో షాకింగ్ అన్న మాట రెండుసార్లు ఉంది, లెక్కలు మాత్రం ఒక్కసారి కూడా లేవు. హాలు లెక్క ఇవాళ్టికీ తేలలేదు. పూజలో సమాధానం (శాంతి) ఇచ్చిపుచ్చుకునే సమయంలో ఆ రెండు జట్లవాళ్లూ ఇంకా ఎదుటివాళ్ల వైపు తిరగరు.

బోస్టన్‌లో రాసినవాళ్లు నెలల తరబడి కాగితాలు తిరగేశారు, బాధపడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లారు. ఆ వార్త చదివినవాడికి ఏదో చేయక తప్పని పరిస్థితి వచ్చింది, కనీసం తన పిల్లల్ని అడగాలి, తన పీఠాధిపతిని నిలదీయాలి. మా వీడియో చూసినవాళ్లు చేయాల్సింది లైక్ కొట్టడం. నేను ఈ మధ్య వార్త చూసినప్పుడల్లా దీని వల్ల నా మీద ఏమైనా పని పడుతుందా అని అడుగుతున్నాను. ఈ కొలతా పూర్తిగా సరైంది కాదు, ఊరికే తెలుసుకుని ఉండటం కూడా అవసరమే, ఎప్పుడో పనికొస్తుంది. కానీ కొలత పెట్టాక నా చూసే చిట్టా సగానికి సగం ఊడిపోయింది.

మా సంప్రదాయవాదులం తక్కువ తినలేదు

ఊడిపోయిన సగంలో ఎక్కువ భాగం మా పక్షంవాళ్ల ఛానళ్లే. 2021 జులైలో పాత పద్ధతి లాటిన్ పూజ మీద ఫ్రాన్సిస్ పోపుగారు ఆంక్షలు పెట్టినప్పటి నుంచీ నేను అమెరికావాళ్ల ఛానళ్లు చూడటం మొదలుపెట్టాను. ఏ పీఠాధిపతి ఎవరికి అనుమతి ఇచ్చాడు, ఎవరు వెనక్కి తీసుకున్నాడు అని. రోజూ ఒక విలన్. నాకు ఫ్రాన్సిస్ గారి మీద కోపం పెరిగిన మాట నిజం, ఆయనకి పూజ పెట్టించాలన్న ఆలోచన రాకపోవడంలో దానికీ వాటా ఉందేమో.

నిజానికి మా ఊరి సంప్రదాయంలో ఆ గొడవే లేదు. గుడి బయట చెప్పులు విడవడం, చాపల మీద కూర్చోవడం, ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కోవడం, జులైలో ఫిరంగిపురం కార్మెల్ మాత కొండ ఎక్కడం, ఫిబ్రవరిలో గుణదల. మా నాన్నకి లాటిన్ జవాబులన్నీ తెలుగు లిపిలో రాసుకున్న నోటు పుస్తకం ఉండేది, ఎత్ కుం స్పిరితు తువో అని గుండ్రటి అక్షరాలతో. పూజ తెలుగులోకి వచ్చినప్పుడు బాధపడ్డావా నాన్నా అని ఒకసారి అడిగాను, అవునంటాడని ఎదురుచూస్తూ. "అన్నేళ్లు నేను ఏం జవాబు చెబుతున్నానో ఆ రోజు తెలిసింది" అన్నాడు. నాకు కావలసిన జవాబు అది కాదు. అందుకే అది ఎక్కడా రాయలేదు ఇన్నాళ్లూ.

2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభం రోజు క్రీస్తు చివరి భోజనాన్ని వెక్కిరించారని వచ్చిన వీడియో ముక్కని నేను పదకొండు గ్రూపులకి పంపాను. ఫ్రెంచి పీఠాధిపతులే బాధపడ్డారు కాబట్టి బాధ అబద్ధం కాదు. కానీ మా అమ్మాయి "మొత్తం చూశావా నాన్నా?" అంటే చూడలేదు. ఇరవై సెకన్లు చూశాను.

రిజిస్టరు

పోపుగారు లేని రోజుల్లో పూజలో ఒక చిన్న ఖాళీ వస్తుంది, గమనించారో లేదో. మా పోపు ఫలానా, మా పీఠాధిపతి ఫలానా అని గురువులు పేర్లు చెప్పే చోట, మొదటి పేరు ఉండదు. నేరుగా పీఠాధిపతి పేరుకి వెళ్లిపోతారు. ఆ ఏప్రిల్, మే ఆదివారాల్లో నేను పూజలోనే ఉన్నాను. అమ్మ చెప్పేదాకా ఆ ఖాళీ నా చెవికి తగల్లేదు.

మర్నాడు, తొమ్మిదో తేదీ, బ్యాంకు నుంచి వస్తూ విచారణ ఆఫీసుకి వెళ్లాను. ఉపదేశిగారు కుర్రాడే, రిజిస్టరు తీశాడు.

"ఎవరికండీ?"

"ఫ్రాన్సిస్ గారికి."

"ఇంటిపేరు?"

పోపుగారికండీ అని చెప్పొచ్చు. ఎందుకో చెప్పలేదు. "బెర్గోలియో" అన్నాను. రెండుసార్లు పలికించుకుని రాసుకున్నాడు. మన వైపు కాదేంటి అన్నాడు. కాదన్నాను.

ఆదివారం పూజకి ముందు చనిపోయినవాళ్ల పేర్లు చదివాడు. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి ఏడాది జ్ఞాపకం, తర్వాత బెర్గోలియో ఫ్రాన్సిస్, తర్వాత కరెంటు షాక్‌తో పోయిన పాతికేళ్ల కుర్రాడు. జనంలో ఒకరిద్దరు తల తిప్పి చూశారంతే. పూజ మధ్యలో ఫాదర్‌గారు మా పోపు ఫ్రా అని ఆగి, లియో అని సర్దుకున్నారు. అమ్మ నా మోచేతిని పొడిచింది.